చాంద్ బేగం ఎడమ చెంప

"తాగే మొగమమ్మా అది! ఆ చెంపల మీద ఎర్ర దారాలు చూడండి. ఆ చేత్తో వేయించిన బొరుగులు పీర్లకు ఎట్ల పెడతారు మీరు?"

డోన్ సంతలో నరసన్న వేసిన కేక ఇది. పీర్ల పండగకు ఇంకా వారం ఉంది. వాడూ బొరుగుల వ్యాపారమే, కర్నూలు నుంచి మూటలు దింపుకొని అమ్మేవాడు. చాంద్ బేగం గంప ముందర నిలబడిన ఆడవాళ్ళు చాచిన చేటలు వెనక్కి తీసుకున్నారు. పీర్లకు బొరుగులూ బెల్లమూ పెట్టడం మా ఊళ్ళో హిందువులకూ ఉంది, ముసల్మానులకూ ఉంది. తాగుబోతు మనిషి వేయించినవని పేరు పడితే ఇక ఆమె బొరుగుల బట్టీలో నిప్పు రాజేయాల్సిన పనే ఉండదు.

చాంద్ బేగం ఏడవలేదు, తిట్టలేదు. చేతులు దులుపుకొని లేచింది.

"రాప్పా నరసన్నా. నా బట్టీ ఈడికి నాలుగడుగులే. రెండు పడుల బియ్యం వేగేంత సేపు దాని ముందర కూర్చో. లేసినాక నీ మొగం చూసి వీళ్ళే చెప్తారు, ఎవరు తాగినారో."

సగం సంత వాళ్ళ వెనకే నడిచింది, నేను అందరికంటే ముందు. నరసన్న మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు. బాండ్లిలో ఇసుక కాలి ఉంది. ఆమె ఉప్పునీళ్ళు పట్టించిన బియ్యం పోసి కట్టెతో తిప్పుతుంటే పొయ్యి నోట్లో మంట ఎగిసి వాడి ముఖానికి కొట్టింది. ఒక పడి వేగేసరికి పక్కకు జరిగాడు. రెండోది సగంలో ఉండగానే లేచి తొట్టి దగ్గరకు పరుగెత్తాడు. ముఖం కందగడ్డ అయింది.

"ఎన్ని బుడ్లు తాగినావప్పా?" అని అడిగింది చాంద్ బేగం.

ఆ రోజు ఆమె గంప మధ్యాహ్నానికే ఖాళీ. నరసన్న మాత్రం చాలా వారాలు సంతలో అవతలి చివర కూర్చున్నాడు.

నేను చదివింది మూడో తరగతి. రాతలో తప్పులుంటే చదివేవాళ్ళు దిద్దుకోండి. విషయంలో తప్పుంటే నా దగ్గరకు రండి, ఇద్దరం తేల్చుకుందాం.

చాంద్ బేగం పుట్టిల్లు కడప. పద్నాలుగో ఏట ఖాసిం సాహెబ్‌ను చేసుకొని డోన్ వచ్చింది. ఆయన స్టేషన్లో రైలు ఆగినప్పుడల్లా గంప నెత్తిన పెట్టుకొని కిటికీ కిటికీకి తిరిగేవాడు, ఆమె బట్టీ ముందర కూర్చునేది. తెల్లటి మనిషి. నావంటి నల్లదానికైతే ఏం కందినా ఎవరికీ కనపడదు. ఆమెకు బట్టీ ముందర కూర్చున్న మూడో ఏటికే ముక్కు పక్కన ఒక ఎర్ర గీత, తరువాత ఇంకొకటి, నాలుగైదేళ్ళకు రెండు చెంపల మీదా దారాలు చిక్కుపడినట్టు అల్లుకున్నాయి. నొప్పి లేదు, దురద లేదు. చూసేవాళ్ళ కళ్ళకే నొప్పి.

సంతలో గెలిచి వచ్చిన సాయంత్రం అద్దం ముందర కూర్చొని నన్ను పిలిచింది. "అక్కా, వాని నోరు మూసినాను. ఇంక ఎంతమందిని కూర్చోబెట్టేది బట్టీ ముందర? దీనికి మందు ఏమన్నా ఉండాదా?"

మా వీధిలో బాలింతకైనా పెళ్ళికూతురికైనా నలుగు కలిపేది నేనే. తెలియదు అనడం నాకు చేతకాదు. రాగి తవుడు, శెనగపిండి, నిమ్మరసం కలిపి ఇచ్చి, "మండేదాకా రుద్దు. నలభై రోజులు. చర్మంలో పట్టిన వేడి అదే ఊడిపోతుంది" అన్నాను. గుణం కనిపిస్తే రెండో వైపు చూద్దామని ముందు ఎడమ చెంపకే రుద్దుకోమన్నాను.

ఇరవై రోజులకు ఎడమ చెంప మీద చోటు లేదు. అంతా ఎరుపే. ఆమె రుద్దడం మానేసింది, నాతో ఒక్క మాట అనలేదు. నేనే వీధిలో చెప్పుకొని తిరిగాను, "నలభై రోజులూ చేయలేదు, అందుకే కుదరలేదు" అని.

కంట్లో ఇసుక పడి ఆమె రైలు వాళ్ళ ఆసుపత్రికి పోయినప్పుడు తోడు వెళ్ళింది నేనే. అక్కడి కాంపౌండరు జ్ఞానరాజు కన్ను కడిగి, చెంప చూసి, ఒక గాజు ముక్క తెచ్చి ఎర్రటి చోట మెల్లగా అదిమాడు. ఎరుపు మాయమైంది. తీశాడు, మళ్ళీ వచ్చింది.

"చూసినారామ్మా? ఇది మురికి కాదు, రుద్దితే పోయేదానికి. చర్మం కింద వెంట్రుక మాదిరి నెత్తుటి దారులుంటాయి. వేడికి, ఎండకు ఉబ్బి ఉబ్బి, మళ్ళీ ముడుచుకోలేక అట్లే నిలిచిపోయినాయి. ఎవరో గట్టిగా రుద్దినట్టుండారే?"

నేను గోడ మీద పటం చూస్తూ నిలబడ్డాను. ఆమె, "నేనే తెలీక రుద్దుకున్న్యాను లేప్పా" అంది.

"ఉన్నవి పోయే మందు నా దగ్గర లేదు. కొత్తవి రాకుండా చూసుకోవచ్చు. మంటకు మొగం ఇయ్యొద్దు. ఎండలో కొంగు కప్పుకో. బట్టీ కాడి నుంచి లేస్తానే సన్నీళ్ళు కొట్టుకోవద్దు, చెమటారినాక గోరువెచ్చని నీళ్ళతో కడుక్కొని మెత్తని గుడ్డతో అద్దుకో. నిమ్మకాయ కూరలో పిండుకో, చెంపకు వద్దు."

ఇంటికి రాగానే బట్టీ పొయ్యి నోరు అవతలికి తిప్పాలని, తాను కూర్చునే వైపు మట్టిగోడ లేపాలని పట్టుపట్టింది. ఖాసిం సాహెబ్ ఒప్పుకోలేదు. "మా అబ్బా కట్టిన బట్టీ. ముప్పై ఏండ్లుగా ఇట్లే ఉండాది."

"కట్టింది మీ అబ్బా. దీని ముందర కూర్చునింది మీ అమ్మ. ఆమె చెంపలు యాదుండాయా నీకు?"

ఆయన బట్టీ వైపు తిరిగి చూశాడు. "ఎర్రగా ఉండేవి," అన్నాడు. "అమ్మ రంగే అంత అనుకుంటి."

మర్నాడు మట్టి ఆయనే తొక్కాడు. రొమ్మెత్తు గోడ, చెయ్యి, కట్టె పట్టేంత సందు, పొయ్యి నోరు అవతలి పక్కకు. పాత దారాలు పోలేదు. కొత్తది మాత్రం పన్నెండేళ్ళలో ఒక్కటి రాలేదు. అంత చేసుకున్న మనిషి, ఎడమ చెంప సంగతి ఎవరడిగినా "బట్టీ వేడి" అనే చెప్పింది. నా పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, నలుగు కలపడమూ మానలేదు.

పోయిన ఏడు ఆమె కోడలు మాబూబీ కమలాపురం నుంచి వచ్చింది. అత్తలాగే తెల్లన. బట్టీ పని నేర్చుకుంటూ, గోడ వెనక ఉక్కగా ఉందని మంట వైపుకు పోయి తిప్పేదట. ఆరు నెలలకు ముక్కు పక్కన రెండు గీతలు తేలాయి.

మొన్న పీర్లను ఎత్తడానికి ముందురోజు చాంద్ బేగం మా అరుగు మీదకు వచ్చి కూర్చుంది.

"మాబూబీ రోజూ పొద్దున్నే చెంపలు రుద్దుకుంటాండాది అక్కా. రాగి తవుడు, నిమ్మకాయ. యాడ నేర్చుకున్న్యావే అంటే, సుంకులమ్మవ్వ నలుగు, వీధంతా చెప్తాండారు, నువ్వే నలభై రోజులు చేయలేదంట కదా అంటాది."

నేను అరుగు మీద లేని దుమ్ము దులిపాను.

"వద్దే అని నేను చెప్పినాను. అత్త మాట గదా, చెవికెక్కలేదు. దానికి ఇంకా రెండు గీతలే. ఇప్పుడు ఆపితే రెండిటితోనే నిలుస్తాది." కొంగు తీసి ఎడమ చెంప నా వైపు తిప్పింది. "నిన్ను నేను ఎప్పుడూ ఏమీ అడగలేదక్కా. రేపు పొద్దున అందరూ పీర్లకు బియ్యం వేయించుకునేదానికి బట్టీ కాడికి వస్తారు. నువ్వూ రా. ఈ చెంప అందరికీ చూపించి, ఇది నా నలుగు చేసిన పని అని నీ నోటితో నువ్వే చెప్పు."