అరసున్న చాటున మేక

నేను తెలుగు పండితుడిగా, నా భార్య ఆరోగ్య కార్యకర్తగా పదవీ విరమణ చేసి మహబూబ్‌నగర్‌లో స్థిరపడిన తరువాత, మా ఇద్దరికీ తీరిక దొరికింది. ఆ తీరికలో మేము చేపట్టిన పని మాటల పొత్తు. కొత్తకోట, కొల్లాపూర్ ప్రాంతాల పల్లెలలో టీకాలు వేయడానికి తిరిగిన కాలంలో, గొర్రెలనూ మేకలనూ పెంచే ఇళ్ల స్త్రీల నోట ఆమె వేల మాటలు విన్నది. విన్నవాటిని విన్నట్టే పోగుచేసింది. నేను ప్రాచీన కావ్యాలను చదువుతూ పోగుచేసినవి వేరు. ఈ రెండు రాశులనూ కలిపి ఒకే నిఘంటువు చేద్దామన్నది నా కోరిక. ఆమె వెంటనే ఒప్పుకోలేదు.

"ఆ మాట చెప్పిన మనిషొచ్చి అడిగితే ఆ మాట దొర్కాలె. దొర్కకపోతే నా మాటలు నాకు వాపస్ ఇయ్యాలె" అన్నది.

ఇంత చిన్న నియమమా అనుకొని తల ఊపాను.

శీర్షపదాలను రాసే పని నాది, వాటి కింద అర్థాలు రాసే పని ఆమెది. ఆమె పోరు పడలేక బండి ఱను ముందే వదులుకొన్నాను గాని, అరసున్నను వదలడానికి నాకు మనసొప్పలేదు. ప్రాచీనులు ఎక్కడెక్కడ ఉంచారో అక్కడక్కడ తప్పకుండా ఉంచాను.

పని సాగేకొద్దీ రాతలూ, ఆమె తన ఫోనులో పట్టుకొచ్చిన గొంతులూ, పాత ప్రతుల ఛాయాచిత్రాలూ రెండు ఫోన్లలో, ఒక ల్యాప్‌టాప్‌లో చెల్లాచెదరయ్యాయి. ఏది ఎక్కడున్నదో ఇద్దరికీ తెలియని స్థితి వచ్చినప్పుడు నా బావమరిది కలుగజేసుకొన్నాడు. అతడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైనవాడు. తీగ కనిపిస్తే దాని రెండో కొస ఎక్కడున్నదో చూడందే ఊరుకోడు. ఇంట్లోని వై-ఫైకి తగిలించి అందరి ఫైళ్లనూ ఒక్క చోట దాచుకొనే పెట్టెను అతడే కొనిపించాడు. దానిని నాస్ అంటారట. లోపల రెండు హార్డ్ డిస్కులు. ఒకదానిలో ఉన్నదే రెండవదానిలోనూ ఉంటుంది, ఒకటి చెడితే మరొకటి కాపాడుతుంది. ముందు గదిలో రూటర్ పక్కన దానిని ప్రతిష్ఠించాము. మా ఆవిడ దానికి డబ్బా అని పేరు పెట్టింది.

డబ్బా దాచడంలో దిట్ట, చెప్పడంలో మూగ. ఫైలు పేరు చెబితే తెచ్చి ఇస్తుంది; బొమ్మ చూపుతుంది, గొంతు వినిపిస్తుంది. ఫైలు నడుమ ఉన్న ఒక్క మాటను వెతికి చూపమంటే మాత్రం దానికి చేతకాదు. తయారుచేసినవారు దానికి అవసరమని తోచిన నాలుగు విద్యలు మాత్రమే నేర్పి, తక్కినవి కత్తిరించారు.

"దీంట్ల ఉన్నది గూడ కంప్యూటర్లను నడిపే లినక్సే బావా. కని కాళ్లు చేతులు కట్టేసి కూసవెట్టిండ్రు. మనం పూర్తి లినక్స్ తెచ్చి దీంట్లనే నడిపిద్దాం" అన్నాడు బావమరిది.

"అరె తమ్మీ, ఉన్నది ఖరాబ్ చేస్తవా ఏంది?" అన్నది ఆమె.

"ఉన్నదాన్ని ముట్టనే ముట్టమక్కా. డిస్కుల ఒక జాగా చేసి, ఆ జాగల ఇంకొక లినక్స్‌ను దింపుతం. పాతది పాత తీరుగనే ఉంటది. మనం కొత్తదాంట్లకు పోయి పని చేస్కుంటం."

అతడు చెప్పింది వింటున్నప్పుడు నాకు పరకాయ ప్రవేశం గుర్తుకు వచ్చింది. కాని కథలలో ప్రాణం ఒక శరీరాన్ని విడిచి మరొక శరీరంలో చేరుతుంది. ఇక్కడ తీరు వేరు. ప్రాణం ఉన్నచోటనే ఉంటుంది; దానిని కంప్యూటరువాళ్లు కెర్నెల్ అంటారు. ఆ ఒక్క ప్రాణమే పాత శరీరాన్నీ నడుపుతుంది, దానిలోపల కొత్తగా నిలిపిన సంపూర్ణ శరీరాన్నీ నడుపుతుంది. కొత్త శరీరంలోకి అడుగుపెట్టినవాడికి పాతది కనిపించదు. తానున్నదే సమస్త లోకమనుకొంటాడు. ఈ మాట పైకి అన్నాను.

"శాస్త్రం ఏదైతేంది గని, లోపటికి పోయినోడు బయటికి రావొస్తదా?" అని అడిగింది మా ఆవిడ.

"ఎగ్జిట్ అని కొడితే వస్తమక్కా."

"అయితే ఫికర్ లేదు."

ఆమెకు ఫికర్ లేదన్నది పూర్తి నిజం కాదు. పని మొదలుపెట్టే ముందు, డబ్బాలో ఉన్నదంతా వేరొక డిస్కులోకి నకలు చేయించింది. నకలు నిజంగా పడిందో లేదో తెరిచి చూసింది. అక్కడక్కడ గొంతులు పెట్టించుకొని విన్నది. ఆ మరునాటి మధ్యాహ్నం గాని తమ్ముణ్ణి కీబోర్డు ముట్టనీయలేదు. అప్పుడైనా ఒక షరతు పెట్టింది. టీకా వేసే ముందు సీసా మీది పేరు, గడువు పైకి చదివి, పక్కవారి చేత ఔననిపించుకొన్న తరువాతే సూదిలోకి మందు తీయడం ఆమెకు ఉద్యోగంలో అబ్బిన అలవాటు. నల్లని తెర మీద అతడు రాసే ప్రతి ఆజ్ఞనూ అదే విధంగా పైకి చదవాలి, నేను ఔననాలి, ఆ తరువాతే ఎంటర్ నొక్కాలి. నాకు వాటి అర్థం తెలియదు. అయినా కాగితం మీద అతడు ముందుగా రాసిపెట్టిన పాఠంతో అక్షరమక్షరం సరిచూసి, పాఠభేదం లేదని పలికేవాణ్ణి. ఒకచోట రెండు పదాల నడుమ ఖాళీ ఎక్కువగా పడింది, ఆపాను.

"బావా, గంత ఖాళీతోని ఏం కాదు" అన్నాడు.

"సీసా మీద ఎట్లున్నదో గట్లనే" అన్నది అక్క.

సాయంత్రపు టీ వేళకు కొత్త లినక్స్ ఆ పెట్టెలో కళ్లు తెరిచింది. లోపలికి వెళ్లి చూస్తే అల్మారాలు సర్దిన కొత్త ఇంటిలా, దేనికి చెందినవి దానిలో ఉన్న అరలు కనిపించాయి. అన్నిటికీ మొదలైనదానిని వాళ్లు మూలమనే అర్థం వచ్చే రూట్ అన్న మాటతోనే పిలుస్తారని తెలిసి ముచ్చటపడ్డాను. తరువాతి వారమంతా కూర్చొని బావమరిది మా నిఘంటువును దానిలోకి చేర్చాడు. ఇంట్లో ఏ ఫోనులోనైనా ఒక పేజీ తెరిచి మాట రాస్తే, డబ్బా వెతికి అర్థమూ గొంతూ చూపేలా ఏర్పాటు చేశాడు.

మొదటి పరీక్ష మా ఆవిడది. కుక్క అని రాసింది, కుక్క వచ్చింది. గొర్రె అని రాసింది. గొర్రె వచ్చింది, వెంట ఒక ముసలమ్మ గొంతు కూడా వినిపించింది. ఆమె ముఖం విప్పారింది. మేక అని రాసింది.

రాలేదు.

మళ్లీ రాసింది. మళ్లీ రాలేదు.

"బావా, నీ మందల మేక తప్పిపోయింది" అన్నాడు బావమరిది.

ఆమె వరుసగా మరికొన్ని మాటలు అడిగింది. ఆకలి లేదు. చీకటి లేదు. తోట లేదు. పాలు ఉన్నాయి, పెరుగు ఉన్నది.

"ఆకలి లేదంట, చీకటి లేదంట, పాలు పెరుగు మాత్రం ఉన్నయంట! మంచి రాజ్యమే బావా నీది, నేను గూడ వచ్చి ఉంట."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఫోనును బల్ల మీద బోర్లా పెట్టి నా వైపు తిరిగింది.

"ఎల్లుండి కొత్తకోట దిక్కు నుంచి ఆడోళ్లు వస్తున్నరు. దవాఖానల పని చూస్కొని మనింటికి రమ్మని నేనే చెప్పిన. మీ మాటలన్నీ ఉన్నయి, అడిగి చూడుండ్రి అన్న. మేకలు కాసేటోళ్లు ముందుగాల ఏం అడుగుతరు? మేకనే అడుగుతరు. లేదంటే నేను ఏ మొఖం పెట్టుకోవాలె?" కొంచెం ఆగి, "ఒప్పుకున్న మాట యాదికున్నది గద. నా మాటలు నాకు తీసియ్యుండ్రి" అన్నది.

లినక్స్‌కు తెలుగు సరిగా రాదేమో అన్నాను. అది అన్యాయమని నాకే తోచింది. కుక్కకు వచ్చిన తెలుగు మేకకు రాకుండా పోదు. బావమరిది కొత్త లినక్స్‌లోకి వెళ్లి, ఆ మాట ఉండవలసిన చోటును తెరిచి, అక్షరాలను ఒక్కొక్కటిగా విడదీసి చూపే పరికరాన్ని నడిపాడు. పాత డబ్బాలో ఆ పరికరం లేదు; కొత్త లినక్స్‌తో వచ్చింది. మే ఒక వరుసలో, క ఒక వరుసలో పడ్డాయి. ఆ రెండింటి నడుమ మరొక వరుస ఉన్నది.

"గీ నడుమల కొడవలి ఏంది బావా?"

అరసున్న. నేను పెట్టినదే. మేఁక అని నేను రాసినదానిని మేక అని అడిగితే, యంత్రం వాటిని రెండు వేర్వేరు మాటలుగా ఎంచింది. ఆఁకలి, చీఁకటి, తోఁట అన్నిటి కథా అదే.

"మేకను కొడవలితోని కోసిండ్రన్నట్టు" అన్నది మా ఆవిడ.

"ఒక్క లైను రాస్త బావా. కొడవళ్లన్నీ ఒక్క దెబ్బకు పోతయి" అని అతడు అప్పుడే వేళ్లు కీబోర్డు మీద పెట్టాడు.

నేను ఔననలేదు. ఆమె నియమం ప్రకారం నేను ఔననందే అతడు ఎంటర్ నొక్కరాదు. నా గురువులు బెత్తం చేతపట్టి నేర్పిన చిహ్నం అది. ఒక్క లైనుతో తుడిచివేయమని నా నోటితో నేను అనలేకపోయాను.

ఆమె కాస్త మెత్తబడి, "ఇంతకు గది ఎందుకు పెడ్తరు?" అని అడిగింది. ఇన్నేళ్లలో ఆమె ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

అక్కడ ఒకప్పుడు ముక్కుతో పలికే ధ్వని ఉండేదనీ, కాలక్రమాన అది తేలిపోయిందనీ, పోయిన ధ్వనికి గుర్తుగా ఆ సగం సున్న నిలిచిందనీ చెప్పాను.

"పోయింది పోయిందాయె. ఆ ఆడోళ్ల నోట్ల లేదు. వాండ్లకు గిదంతా చెప్పుకుంట కూసుంటమా?"

"ఇప్పుడు ఏమన్నావు?" అని అడిగాను.

"వాండ్లకు చెప్పుకుంట కూసుంటమా అన్న."

"వాఁడు అన్న మాటలో నేను అరసున్న పెడతాను. అది నీ వాండ్లలో ఇంకా నిండుగా మోగుతున్నది. వరకు అనే అర్థంలో దాఁక అని నేను రాసేదాన్ని నువ్వు దాంక అంటావు. అంతా పోలేదు."

ఆమె ఆలోచించింది. తనలో తాను ఆ మాటలను రెండు మూడు మార్లు అనుకొన్నది. ఇక అరసున్నలకు అభయం దొరికినట్టే అనుకొన్నాను.

"ఉన్న కాడ ఉండనీయుండ్రి. వాండ్లల ఉన్నది, రాయుండ్రి. మేకల లేదు గద. మేకను మేక లెక్కనే రాయుండ్రి. మీ కొడవలి మేక కింద ఉంటే నాకేం కష్టం లేదు, మెడ మీద వద్దు."

నా అరసున్న పోదు, ఒక మెట్టు దిగుతుందంతే. ఔనన్నాను.

ఒక్క లైనుతో పోయే పని కాస్తా రెండు రోజుల పనైంది. ముందుగా మళ్లీ నకలు తీశాము. జనం నోట వినిపించే రూపమే శీర్షపదమైంది. అరసున్న ఉన్న రూపం దాని కింది వరుసలో, ప్రాచీన రూపమన్న గుర్తుతో చేరింది. ఎవరు ఏ రూపంలో అడిగినా రెండూ దొరికేలా బావమరిది వెతికే తీరును మార్చాడు. అతడు చదివాడు, నేను సరిచూశాను, ఆమె పక్కన నిలబడి విన్నది.

ఆడవాళ్లు రావలసిన పొద్దున ఆమె మరొకసారి ఫోను తీసి మేక అని రాసింది. మేక వచ్చింది. దాని కింద చిన్న అక్షరాలతో మేఁక ఒదిగి ఉన్నది. ఆమె చదివి, ఇంకొక మాట రాసి, ఫోను నాకు చూపింది. వాండ్లు. ఏమీ రాలేదు.

"గిది నేను ఇయ్యనే లేదు మీకు. రోజూ అనే మాట గద, యాదికి రాలే. రాయుండ్రి."

ల్యాప్‌టాప్ తెరిచి ఆమె మాటల వరుసలో కొత్త పద్దు మొదలుపెట్టాను. వకు దీర్ఘమిచ్చి ఆగాను.

"ఇక్కడ సున్న నిండుగా పెట్టాలా?"

"నిండుగనే పెట్టుండ్రి" అన్నది.