తాలూక్దారు సాబు మేపుల్ చెట్టు

ఒక చెట్టును బతికించబోయి నా నౌకరిని నేనే వేళ్లతో సహా పీక్కున్న కథ ఇది. నవ్వేవాళ్లు నవ్వండి. తప్పంతా నాదే అంటే మాత్రం ఒప్పుకోను, ముందే చెబుతున్నాను.

నిజాం కాలం. పాలమూరులో జిల్లాను ఏలే తాలూక్దారు సాబు బంగళా తోటలో నేను కచ్చా మాలీని. ఏ రోజు పొమ్మంటే ఆ రోజు పోవాలి. మా బాపు ఊళ్లో కూలి చేసేవాడు. నా నౌకరి పక్కా అయితే మా ఇంట్లో నెల జీతం మొహం చూసిన మొదటివాణ్ణి నేనే.

ఎక్కడో చలిదేశం నుంచి సాబు కుండీలో ఒక చెట్టు తెప్పించాడు. మోకాలెత్తు ఉంటుంది, చంటిపిల్ల అరచేతిలాంటి ఎర్రెర్రటి ఆకులు.

"గిది మేపుల్. పట్నం నుంచి పెద్ద సాబు చూడనీకి వస్తుండు. అందాక బతికించినవంటే నీ నౌకరి పక్కా," అని చెప్పి ఊళ్లు తిరిగే దౌరా మీద వెళ్లిపోయాడు.

అది ఏం తింటుందో, ఎంత తాగుతుందో చెప్పాలా వద్దా? మా బాపు పుంటికూర మడికి, అదే గోంగూర మడికి, మేకపెంటికలు వేస్తే మొక్కలు నడుమెత్తు లేచేవి. పుంటికూరకే అంత మర్యాద అయితే విలాయతి చెట్టుకు ఇంకెంత చేయాలి? అప్పుడే పడిన పచ్చి పెంటికలు గంపెడు తెచ్చి కుండీలో కుక్కాను. వారం తిరిగేసరికి ఆకులన్నీ మాడి రాలిపోయాయి.

ఒక ఆకు పట్టుకుని ఇంటికి పరుగెత్తాను. "అవ్వా, చెట్టు సచ్చింది. నా నౌకరి గూడ సచ్చింది."

అవ్వ ఆకును అటూ ఇటూ తిప్పింది. "గిది మన ఎర్ర పుంటికూర లెక్కనే ఉన్నది గదరా. పెరట్ల లేదా? దీనికి ఏడుస్తవేందిరా?"

చెప్పింది అవ్వ, చేసింది నేను. మేపుల్‌ను పీకి బావి వెనక తడి నేలలో పారేసి, మట్టి మార్చి, కుండీలో పుంటికూర నాటాను. నీళ్లు మోసే యాదయ్య చూశాడు.

"ఏం జేస్తున్నవ్‌రా?"

"నీ పని నువ్వు చూస్కో."

సాబు తిరిగొచ్చి కుండీ చుట్టూ తిరిగాడు. "ఆకులు పచ్చగైనయేంది?"

"మన నీళ్లు పడ్డయి సాబ్."

నమ్మాడు. సొంత చెట్టును గుర్తుపట్టలేనివాడికి చెట్టెందుకు చెప్పండి.

పెద్ద సాబు మోటారు దిగాడు. మా సాబు మంచు కొండల గురించీ మేపుల్ గొప్ప గురించీ గంటసేపు చెప్పాడు. పెద్ద సాబు వింటూ వింటూ ఒక ఆకు తుంచి నోట్లో వేసుకున్నాడు. ఆయన కళ్లు మూసుకుని నమిలి, ఉర్దూలో మెల్లగా అన్నాడు: "తాలూక్దార్ సాబ్, ఇది అంబాడా. మా బేగం గోష్తు కూరలో వేస్తుంది. జర కోయించండి."

మన పుంటికూరనే వాళ్లు అంబాడా అంటారు. ఆయన మోటారు జడ్చర్ల దాటకముందే నేను గేటు దాటాను.

నెల తర్వాత సంతలో యాదయ్య ఎదురొచ్చాడు, నెత్తిన కొత్త రుమాలు.

"గా చెట్టు సావలేదురా. బాయి ఎన్క ఇగురు పెట్టింది. తెచ్చి కుండీల వెట్టిన. సాబు నన్ను పక్కా మాలీని చేసిండు."

"నేను పారేసిన చెట్టుకు నువ్వు పక్కానా?"

"పెంటికల నుంచి పీకి పారేసినవ్ గనుకనే బతికిందిరా. కుండీల నువ్వు నాటిన పుంటికూరను తీసి బాయి కాడ పెట్టిన, గది గూడ మస్తుగున్నది, సాబు వారం వారం వండిపిచ్చుకుంటుండు."

వింటున్నారా? మేపుల్‌ను బతికించింది నేనే, పుంటికూర తినిపించింది నేనే, రుమాలు మాత్రం యాదయ్యకు. ఎవరికి చెప్పుకోను?

అందుకే మా అవ్వ మీద ఒట్టేసి చెబుతున్నాను. చచ్చిందనుకుని ఈ జన్మలో ఏ మొక్కనూ పీకను. పీకినా, యాదయ్య నీళ్లు చేదే బావి దగ్గర మాత్రం పారేయను.