బుగ్గారం చెరువులో ఉత్తరేణి

"ఆ రోజుల్లో" అని నేను మొదలుపెడితే చాలు, కోరుట్లలో ఉండే మా మేనత్త నవ్వుతుంది. "ఏ రోజులే? మొన్ననే గదా నీ డిగ్రీ అయింది!" అంటుంది. నిజమే, ఏడెనిమిదేళ్ల కిందటి ముచ్చటకు అంత పెద్ద ఎత్తుగడ అక్కర్లేదు. కానీ అప్పటినుంచి మూడు ఫోన్లు మార్చాను, రెండు బళ్లు మారి సిరిసిల్లలో టీచరుగా కుదురుకున్నాను. అప్పుడు నాకున్న ధైర్యం మాత్రం ఆ తర్వాత మళ్లీ రాలేదు. (ధైర్యం అని మర్యాద కోసం అంటున్నాను.)

ఆ రోజుల్లో నేను జగిత్యాలలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతూ, గొల్లపల్లి నుంచి రోజూ బస్సులో వెళ్లివస్తుండేదాన్ని. ఒక వానాకాలం మా బాటనీ మేడం అందరి ఫోన్లలోనూ ఒక మొక్కల యాప్ వేయించారు. దారి పక్కనో పొలం గట్టునో తనంతట తాను మొలిచిన మొక్కను ఫోటో తీసి అందులో పెట్టాలి. తీసిన చోట మ్యాపు మీద ఒక చుక్క పడుతుంది. మనం దానికి పేరు రాస్తే, ఎక్కడెక్కడో ఉన్న తెలిసినవాళ్లు చూసి అవునంటారు, కాదంటారు. అట్లా ఎందరో పెట్టిన చుక్కలన్నీ కలిపి చూసి, ఏ మొక్క ఎక్కడ బతికి ఉందో, ఎక్కడ మాయమవుతోందో శాస్త్రవేత్తలు తెలుసుకుంటారట. "మన జిల్ల మ్యాపు జూడున్రి, ఎంత ఖాళీగ ఉన్నదో. మన దగ్గర మొక్కలు లేకనా బిడ్డా? చూసేటోళ్లు లేక" అన్నారు మేడం. ఆమెకు క్లాసులో అందరూ బిడ్డలే, గడ్డాలొచ్చిన మగపిల్లలతో సహా. నెలాఖరుకు ఎవరు ఎక్కువ రకాలు పెడితే వాళ్లను హైదరాబాదులో విద్యార్థుల సభకు తీసుకుపోతానని కూడా చెప్పారు. నేను అప్పటిదాకా హైదరాబాదు చూడలేదు. చూడలేదన్న సంగతి క్లాసులో ఎవరికీ చెప్పలేదు కూడా.

మొదటి రెండు వారాలు నిజాయితీగానే తిరిగాను. చెప్పులు బురదలో దిగబడ్డాయి, పల్లేరుకాయలు గుచ్చుకున్నాయి, ఒకసారి జిల్లేడు ఫోటో తీస్తూ వెనక్కి జరిగి కాలువలో కూర్చున్నాను. ఇంత చేసినా నా లెక్క పంతొమ్మిది దగ్గర ఆగిపోయింది. నా పక్క బెంచీ అమ్మాయి (కళ్లద్దాలు అనేవాళ్లం) అప్పటికే యాభై దాటింది. ఆ పిల్ల బస్సు కిటికీలోంచి చూసి కూడా మొక్కల పేర్లు చెప్పేది. నాకేమో గడ్డి అంతా గడ్డిలాగే కనిపించేది.

ఆ ఆదివారం కోరుట్లలో మేనత్త ఇంటికి వెళ్లాను. డాబా మీద వరసగా కుండీలు. మరువం, మనీప్లాంటు, కనకాంబరం, కలబంద, ఇంకా పేరు తెలియనివి. చుట్టూ చూసి, కుండీ కనబడకుండా ఫోన్ దగ్గరగా పెట్టి టకటకా తీయడం మొదలుపెట్టాను. అత్త ఉతికిన బట్టలు ఆరేస్తూ కాసేపు చూసింది. "ఏందే, మా మరువానికి గన్ని ఫోటోలు? దానికేమన్న సంబంధం జూస్తున్నవా?" అంది. కాలేజీ పని అన్నాను. "గిదేం కాలేజీనో" అనుకుంటూ దిగిపోయింది. ఆ చుక్కలన్నీ వేలితో జరిపి మల్యాల గుట్టల్లోకి చేర్చాను. అంతటితో ఆగినా బాగుండేది. మా ఇంటి వెనక ఉన్న ఒకే ఒక్క ఉత్తరేణికి నాలుగు పక్కల నుంచి నాలుగు ఫోటోలు తీసి, నాలుగు వేరువేరు పేర్లు తగిలించి, ఒక్కోదాన్ని ఒక్కో ఊళ్లో వదిలాను. ఒకటి బుగ్గారంలో పడింది. బుగ్గారం నేనెప్పుడూ వెళ్లలేదు. మ్యాపులో అక్కడ ఆకుపచ్చగా ఉంది కదా, అడవేమో అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత మరువం ఫోటో కింద ఒక వ్యాఖ్య వచ్చింది. రాసినవాళ్ల పేరు "గునుగుపువ్వు". ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటే. "కుండి అంచు కనవడ్తంది బిడ్డా." ఫోటోను పెద్దది చేసి చూస్తే నిజమే. తర్వాత మనీప్లాంటు కింద, "గిది మల్యాల గుట్టల ఎప్పుడు మొలిచింది? ఎనుక బట్టల తీగె గూడ ఉన్నది." ఉత్తరేణి కింద అన్నింటికంటే పొడుగ్గా ఉంది. "గీ నాలుగు ఒక్కటే చెట్టు. ఒకటే ఆకును ఒకటే పురుగు తిన్నది, నాలుగిట్ల అదే బొక్క. ఇగ బుగ్గారంల నువ్వు పెట్టిన జాగల చెరువుంటది. నీళ్లల్ల ఉత్తరేణి ఎట్ల మొలిచింది బిడ్డా?"

బిడ్డా! పూల పేరు పెట్టుకుని, మొక్కలన్నీ తెలిసి, మన యాసలో బిడ్డా అనేది లోకంలో ఒక్కరే. మేడం. నాకు రెండో ఆలోచనే రాలేదు. మర్నాడు ఇంటర్వెల్లో స్టాఫ్ రూముకు వెళ్లి, ఆమె టిఫిన్ డబ్బా మూత తీస్తుండగానే మొదలుపెట్టాను. కుండీలు, బట్టల తీగె, ఒకటే ఉత్తరేణి, బుగ్గారం చెరువు, ఏదీ దాచలేదు. పనిలో పనిగా మొదటి సంవత్సరం రికార్డులో బొమ్మలు అక్కతో వేయించుకున్న సంగతి కూడా చెప్పేశాను. (అది ఎవరూ అడగలేదు.) చివర, "మీరు గునుగుపువ్వు అని పేరు పెట్టుకున్నప్పుడే నాకు తెల్వాలె మేడం" అని ఏడ్చాను.

మేడం మూత చేతిలో పట్టుకుని అట్లాగే చూశారు. "గునుగుపువ్వు ఎవరే?"

"మీరే గద మేడం?"

"నేను గా యాప్ తెరిచి పది రోజులైంది. ఇంట్ల అత్తమ్మకు పానం బాగలేకుండె" అని, పక్కకు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కోపమనుకున్నాను. భుజాలు కదులుతుంటే నవ్వని అర్థమైంది. నవ్వు అయ్యాక ముఖం గట్టిగా పెట్టి, "మ్యాపుల అబద్ధం చుక్క పెట్టుడంటే, రేపు ఎవలో ఆ మొక్కను ఎతుక్కుంట చెరువుల దిగుడన్నట్టే. అన్ని తీసెయ్యి. మిగిలినయే నీయి" అన్నారు. పంతొమ్మిది మిగిలాయి. రికార్డు బొమ్మలు మళ్లీ వేయమన్నారు, నా చేత్తో. హైదరాబాదుకు కళ్లద్దాలు వెళ్లింది.

ఆ సాయంత్రం గునుగుపువ్వుకు క్షమించమని రాసి, మీరెవరని అడిగాను. జవాబు శుక్రవారం వచ్చింది. ఆయనది బుగ్గారమేనట. గల్ఫ్‌లో ఒక పెద్ద తోటలో చెట్లకు నీళ్లు పెట్టే పని. చిన్నప్పుడు మేకలు కాసేవాడు కాబట్టి మా దిక్కు మొక్కలన్నీ తెలుసు. సెలవు రోజున ఫోన్‌లో సొంతూరి మ్యాపు చూసుకుంటూ కూర్చుంటాడు. "ఊరి పేరు మీద మొదటిసారి ఒక చుక్క కనవడ్డది బిడ్డా. ఎంత సంబురపడ్డనో. తెరిచి జూస్తే చెరువు నడిమిట్ల ఉన్నది" అని రాశాడు. గునుగు అక్కడ మొలవదు కాబట్టి ఆ పేరన్నా పెట్టుకున్నాడట. నాకు ఆ రాత రెండోసారి చదవబుద్ధి కాలేదు. మేడం ముందు ఏడ్చినప్పుడు కూడా అంత సిగ్గు పడలేదు.

వచ్చిన ఆదివారం బుగ్గారం బస్సెక్కాను. ఆయన చెప్పిన గుర్తులు పట్టుకుని ఇల్లు వెతికితే, ఆయన భార్య నన్ను చెరువు కట్ట మీదికి తీసుకెళ్లింది. తోవ పొడుగునా ఆమెకు ఒకటే ఫిర్యాదు. "ఫోన్ జేస్తే గడ్డి సంగతే బిడ్డా! కట్ట మీద తుమ్మి పూసిందా, తంగెడు పూసిందా అంటడు. నేను బాగున్ననా అని అడుగుడు దాని ఎనుక." అంటూనే, గాలికి ఊగే కొమ్మలను ఒక్కొక్కటే కదలకుండా పట్టుకుంది. పదకొండు రకాలు తీశాను. ఏ చుక్కనూ వేలితో జరపలేదు. నా తిరుగు బస్సు వచ్చేలోపే ఆయన పదకొండింటికీ పేర్లు సరిచూసి, ఒకదాని కింద మాత్రం, "మొక్క తుమ్మి. పట్టుకున్న చెయ్యిని గూడ గుర్తువట్టిన" అని రాశాడు. ఫోన్‌లో చూపిస్తే ఆమె, "ఈయనకు సిగ్గు లేదు" అని గాజులు వెనక్కి తోసుకుంటూ, ఆ మాట ఇంకోసారి చదవమంది.

కిందటేడు ఆయన ఉద్యోగం చాలించుకుని ఇంటికి వచ్చేశాడు. ఇన్నేళ్లూ అందరి మొక్కలకూ పేర్లు చెప్పినవాడు మొదటిసారి తాను తీసిన మొక్క ఫోటో పెట్టాడు. మసకగా, పక్కకు వాలి, సగం చోట ఆయన బొటనవేలే ఉంది. నేను సిరిసిల్ల బడిలో పరీక్ష పేపర్లు దిద్దుతూ చూశాను. "కాకా, ఏలు కనవడ్తంది. మల్ల తీయిండ్రి" అని రాశాను. "ఇగ నేను ఈడనే ఉంట గద బిడ్డా. రేపు తీస్త" అని జవాబు వచ్చింది. రేపు తీస్తాననే తీరిక ఆ వయసులో నాకెక్కడిది? నెలాఖరులోగా జిల్లా అంతా నిండిపోవాలి, హైదరాబాదు వెళ్లిపోవాలి. అప్పటి నాలాంటి పిల్ల ఇప్పుడు నా క్లాసులో ఉంటే బెంచీ ఎక్కించేదాన్ని. తర్వాత స్టాఫ్ రూములోకి వెళ్లి, తలుపు వేసుకుని, తనివితీరా నవ్వుకునేదాన్ని.