కాశీ మీదుగా వద్దు

ధనలక్ష్మి తిరిగిన ఊళ్లు రెండే: బొబ్బిలి, విజయనగరం. తిరగని ఊళ్ల గురించి అడిగితే మాత్రం ఆమె నోటికి అడ్డుండదు. గయలో వంకాయలు గట్టిగా ఉంటాయి, ఎంత ఉడికించినా మెత్తబడవు. ప్రయాగలో పెరుగు మట్టి ముంతల్లో అమ్ముతారు. కాశీలో కూరగాయలమ్మే సందు ఎంత ఇరుకంటే, ఎదురుగా ఆవు వచ్చిందా, మనిషే వెనక్కి నడవాలి. ఇవన్నీ మొగుడు చెప్పినవి.

మొగుడు అప్పలనరసింహం యాత్రా బస్సులో వంటమాస్టారు. బొబ్బిలి ధనరాజు గారు కాశీ, నేపాల్ యాత్రకు బస్సు వేసిన ప్రతిసారీ బియ్యం బస్తాలు, గ్యాస్ పొయ్యిలు, చింతపండు, పచ్చళ్ల జాడీలు ఎక్కించి, ఆఖర్న తానూ ఎక్కేవాడు. ఉత్తరాది రొట్టెలు రెండు పూటలు తింటే మూడో పూటకి నీరసించిపోయే మన జనానికి, రోడ్డు పక్కన పొయ్యి వెలిగించి వేడి అన్నం, చారు పెట్టడం ఆయన పని. వాళ్లు గుళ్లో దేవుణ్ణి చూస్తుంటే ఈయన పప్పు ఉడికిందో లేదో చూసేవాడు.

"ఒసే, వొచ్చే ఏడు నిన్నూ తీసుకెల్తాను" అనేవాడు బయల్దేరే ముందు. వచ్చే ఏడు వచ్చేది, బస్సు నిండిపోయేది. వంటవాడి పెళ్లాం కోసం యాత్రికుణ్ణి దింపేస్తారా ఎవరైనా? ఆమె రాగులు పండే తమ చోడి చేను చూసుకుంది. కూతురు యమునను పెంచి, పెళ్లి చేసి విజయనగరం పంపింది. ఆ తరవాత కూడా ఎదురుచూస్తూనే ఉంది. కాశీ చూడాలని ఆమెకు బెంగ అని ఊరంతా అనుకునేది. ఆమె కూడా అలాగే అనుకునేది.

ఈసారి ఫోను ఖాట్మండు నుంచి వచ్చింది. చేసినవాడు ఎల్లాజీ, అదే బస్సులో రెండో వంటవాడు. "వొదినా, అన్న పడిపోనాడు. ఉప్మా కలుపుతా కలుపుతా ఒరిగిపోనాడు. ఎడం సెయ్యీ కాలూ ఆడటం నేదు. ఆస్పత్రిలో ఏసినాం" అన్నాడు ఒక్క ఊపిరిలో.

పక్షవాతం. మాట కూడా ముద్దముద్దగా వస్తోందట. బస్సు నిండా పెద్దవయసు వాళ్లు, పరాయి దేశంలో ఎన్నాళ్లని ఆగుతారు? బస్సు వాళ్లను తీసుకుని తిరుగుదారి పట్టింది. ఎల్లాజీ మాత్రం ఆస్పత్రిలో ఉండిపోయాడు.

ధనలక్ష్మి గుండె రాయి చేసుకుందని చెప్తే అబద్ధమవుతుంది. ఏడ్చింది, ముక్కు చీదుకుంది, ఆ చేత్తోనే బీరువాలో ఓటరు కార్డు వెతికింది. నేపాల్ వెళ్లడానికి ఆ కార్డు చాలని అల్లుడు రమేష్‌బాబు కనుక్కుని చెప్పాడు. ఆ అబ్బాయి మంచివాడే గానీ, ఏ పనైనా నలుగురిని అడగందే చెయ్యడు. ఈసారి ఆ గుణమే అక్కరకొచ్చింది. సంచిలో రెండు చీరలూ, ఒక పొట్లంలో చోడిపిండీ పెట్టుకుని ఆమె అల్లుడి వెంట విశాఖలో విమానం ఎక్కింది. ఢిల్లీలో మారి ఖాట్మండులో దిగారు. మొదటిసారి విమానం ఎక్కినా ఆమెకు భయం వెయ్యలేదు. భయపడడానికి మనసులో చోటు లేదు.

మంచం మీద అప్పలనరసింహం సగం మనిషయ్యాడు. అంతమందికి గరిటెతో వడ్డించిన మనిషికి ఎల్లాజీ చెంచాతో జావ పోస్తున్నాడు. భార్యను చూడగానే మూతి ఒక పక్కకు లాగేసి ఏడ్చాడు. తేరుకుని, "తి... తిన్నావేటి?" అన్నాడు. వంటవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఇంటికి తీసుకెళ్లడానికి రెండు దారులున్నాయని తేలింది. ఒకటి విమానం. వెనక సీట్లు మడిచి, వాటి మీద స్ట్రెచర్ బిగించి, చుట్టూ తెర కట్టి, నర్సును తోడిచ్చి పంపుతారు. అందుకు ఇక్కడి డాక్టరు రాసివ్వాలి, విమానం కంపెనీ డాక్టరు ఒప్పుకోవాలి, అన్ని సీట్లు ఖాళీగా దొరకాలి. అందాకా ఆగాలి. రెండోది అంబులెన్స్. మర్నాడే బయల్దేరొచ్చు. కొండలు దిగి, సరిహద్దు దాటి, గోరఖ్‌పూర్ మీదుగా కాశీ చేరి అక్కడ రైలెక్కాలి. అంత కుదుపు ఈయన తట్టుకోలేడు, విమానమే మంచిదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. రమేష్‌బాబు ఆ మాటే ఎల్లాజీని అడిగాడు, యమునను అడిగాడు, విశాఖలో తెలిసిన డాక్టరునూ అడిగాడు. అందరిదీ ఒకే మాట.

మంచం మీది మనిషి మాత్రం కుడిచెయ్యి అడ్డంగా ఊపాడు. "వొద్దు. రో... రోడ్డు."

"ఏటి మావయ్యా, ఇమానం అంటే బయమేటి?" అన్నాడు అల్లుడు.

"కా... శీ. కాశీ మీంచి పోదాం."

మంచం పట్టిన మనిషి కాశీ అన్నాడంటే మనవాళ్లకు తోచే అర్థం ఒక్కటే. అక్కడ పోయినవాడికి మళ్లీ పుట్టుక లేదు. ఎల్లాజీ చేతులు జోడించేశాడు. "అన్నకి తెలిసిపోనాది. ఎంతమందికో కాశీ సూపించినోడు, ఆ పున్నెం అన్నకి దక్కనీండి" అని కళ్లొత్తుకున్నాడు. యమున ఫోనులో గొల్లుమంది. రమేష్‌బాబు పాలిపోయిన ముఖంతో బయటికెళ్లి అంబులెన్స్ మాట్లాడడం మొదలెట్టాడు.

ధనలక్ష్మికి మాత్రం ఒళ్లు మండింది. పెళ్లయిన నాటి నుంచి ఈ మనిషి ఎప్పుడొస్తాడా అని వీధివైపు చూడడమే సరిపోయింది. ఇంట్లో ఉన్న రోజులకన్నా లేని రోజులే ఎక్కువ. ప్రాణం పోయేటప్పుడు కూడా ఇల్లు పనికిరాదా?

సాయంత్రం ఆస్పత్రి వంటగది వాళ్లను సైగలతో బతిమాలి, చోడి అంబలి చిక్కగా కాచి, చల్లార్చి తెచ్చింది. రెండు చెంచాలు పోసి అడిగేసింది.

"మావా, నిజం సెప్పు. కాశీలో సచ్చిపోదామనుందా నీకు? నానక్కడ నీకోసం కూకుంటే, నీకు ఇంటికి రావాలని నేదా?"

అప్పలనరసింహం ఆమెను వింతగా చూశాడు. నవ్వబోతే నవ్వు సగం ముఖంలోనే వచ్చింది. కుడిచేతి వేలు ఆమెవైపు చూపించాడు.

"సావటానికి... కాదే. నువ్వు సూడ్నేదు గదా. మల్లీ... ఎప్పుడు తీసుకెల్తాను?"

ఇంక తాను బస్సెక్కలేనని ఆయనకు తెలిసిపోయింది. వచ్చే ఏడు అని చెప్పడానికి ఇంక వీల్లేదు. దారిలో కాశీలో ఒక్క పూట ఆపితే, తాను అంబులెన్స్‌లోనే పడుకుని ఉంటాడు, ఆమె గంగలో మునిగి, విశ్వేశ్వరుణ్ణి చూసి వస్తుంది. ఆయన ఆలోచన అదీ. ఆ నాలుగు ముక్కలూ చెప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

ధనలక్ష్మి గిన్నె కింద పెట్టేసి ఏడ్చింది. ఆమెకు వెళ్లాలని ఉంది. అల్లుడు ఎలాగూ అంబులెన్స్ మాట్లాడేస్తున్నాడు, తాను నోరు మెదపకుండా ఉంటే చాలు, ఎల్లుండికి గంగ ఒడ్డున ఉంటుంది. అలాగే ఊరుకుందామనీ అనుకుంది. కానీ ఆ కొండదారిలో ప్రతి గోతికీ ఈ తల ఎలా ఎగిరిపడుతుందో కళ్లముందు కనిపించింది.

"కాశీ ఎల్లినోలు ఇష్టమైనదొకటి అక్కడ ఒగ్గేసి రావాలంటావు గదా" అంది చివరికి. "ఒకలు వొంకాయి ఒగ్గేత్తారు, ఒకలు అరిటిపండు ఒగ్గేత్తారు. ఎవులేటి ఒగ్గేసినారో గేపకం ఎట్టుకుని వొండినోడివి నువ్వు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నాను కాశీనే ఒగ్గేసినాను. ఇంక దాని మాట ఎత్తకు."

ఆయన తల అడ్డంగా ఊపబోయాడు.

"ఎత్తకన్నానా?" అని చెంచా నోట్లో పెట్టేసింది.

అల్లుణ్ణి పిలిచి, "కాశీ మీదుగా వద్దు, ఇమానానికే సూడు" అంది. అసలు సంగతి తెలిసి ఎల్లాజీ కాస్త చిన్నబుచ్చుకున్నాడు. అంత గొప్ప కోరిక గురించి ఊళ్లో చెప్పుకుందామనుకున్నాడు పాపం. మర్నాడు బస్సులో సరిహద్దు దాటి, రైలెక్కి ఇంటికి వెళ్లిపోయాడు.

డాక్టర్లు ఒప్పుకుని, సీట్లు దొరికిన రోజున వీళ్లు బయల్దేరారు. తెర లోపల ఆమెకు మబ్బూ కనపడలేదు, భూమీ కనపడలేదు. ఆయన ముఖం చూస్తూ కూర్చుంది. విశాఖలో డాక్టరు చూసి, ఇంటి దగ్గరే ఉంచి రోజూ చెయ్యీ కాలూ ఆడించమన్నాడు. అక్కణ్ణుంచి అంబులెన్స్. డ్రైవరు పక్క సీట్లో రమేష్‌బాబు కూర్చున్న వెంటనే నిద్రపోయాడు. ఇన్నాళ్లకు ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు మరి.

వెనక వాళ్లిద్దరే. గజపతినగరం దాటాక ఆయన కళ్లు తెరిచి, మంచి చేత్తో తడుముకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పడుకున్న మనిషికి బయట ఏముందో కనపడదు కదా, ఆమె చెప్పసాగింది. ఇక్కడ కోతలైపోయాయి. అదిగో, కుప్పలేస్తున్నారు. ఎవరిదో పెళ్లి, డీజే బండి పోతోంది. ఆయన ఊ కొడుతున్నాడు. మాట అట్టే లేకపోయినా ఊ మాత్రం బాగా వస్తోంది.

ఇద్దరూ పక్కపక్కన ఇంత దూరం ప్రయాణం చెయ్యడం ఇదే మొదటిసారని అప్పుడు తట్టింది ఆమెకు. ఇన్నేళ్ల బెంగా దీని కోసమే. కాశీ కానీ, ఇంకో ఊరు కానీ, ఈ మనిషి పక్కన కూర్చుని వెళ్లాలని. అంతలో రామభద్రపురం కూడా వెనకబడింది. ఇంటి దగ్గర యమునా, చుట్టాలూ, ఊళ్లోవాళ్లూ మంచం చుట్టూ మూగడానికి సిద్ధంగా ఉంటారు.

ఆమె డ్రైవరు వెనక అద్దాన్ని వేళ్లతో కొట్టింది. "కొంచెం నెమ్మదిగా పోనీ బాబూ."

"ఏటమ్మా, పేషెంటుకి కుదుపులొత్తన్నాయా?"

"ఊఁ" అంది ధనలక్ష్మి.

ఆ రోడ్డు ఈమధ్యే కొత్తగా వేశారు. ఎక్కడా చిన్న గొయ్యి కూడా లేదు. డ్రైవరు ఇంకేమీ అడగకుండా బండి వేగం తగ్గించాడు.