వెనక్కి చూసే నీటికుక్క

తొమొయె నాన్న పడవ నడిపేవాడు. ఒసాకాలో తైషో వార్డు రేవు నుంచి అవతలి ఒడ్డుకు టికెట్టు లేని కార్పొరేషన్ పడవ. దాటడానికి పట్టేది రెండు నిమిషాలు. తాడు విప్పే ముందు ఆయన ప్రతిసారీ ఎడమ భుజం మీదుగా వెనక్కి చూసేవాడు, ఎవరైనా పరుగెత్తుకుంటూ వస్తున్నారేమోనని. కుండపోత వానలో పురుగు కూడా లేని రేవును సైతం అలాగే చూసేవాడు. మెడ పట్టేసిన రోజుల్లో నడుముతో సహా తిరిగి చూసేవాడు.

"ఎవరూ రావట్లేదుగా నాన్నా!" అని చిన్నప్పుడు తొమొయె విసుక్కునేది.

"రావట్లేదని చూస్తే కదే తెలిసేది, పిచ్చిమొహమా!" అనేవాడాయన.

ఇరవై రెండో ఏట తొమొయె వీడియో గేములు తయారుచేసే ఒక కంపెనీలో బొమ్మలు వేసే పనికి కుదిరింది. గళ్ళ కాగితం మీద అడ్డం పదహారు గళ్ళు, నిలువు పదహారు. రంగులు మూడే. ఒక్కో గడిని పెన్సిలుతో నింపుకుంటూ పోవాలి. ఆ గళ్ళ లోపలే ఒక ప్రాణి పుట్టాలి, నడవాలి, ఈదాలి. అలా పుట్టినవాడు మొకిచి. రెల్లుటోపీ పెట్టుకుని, ఏటికి ఎదురీదుతూ పోయే నీటికుక్క.

ఆట దాదాపు పూర్తయ్యాక క్యాసెట్లో ఇంకొక్క బొమ్మకు చోటు మిగిలింది. అందరూ ఇంకో శత్రువును పెడదామన్నారు. తొమొయె పదిమందిలో నోరు తెరిచే మనిషి కాదు. మర్నాడు పొద్దున ఒరితో అనే సెక్షన్ హెడ్ బల్ల మీద ఒక గళ్ళ కాగితం పెట్టి పోయింది. ఆడేవాళ్ళు పది సెకన్లు మీటలు ముట్టుకోకపోతే, మొకిచి ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరిగి తెర బయటికి చూస్తాడు. అంతే.

ఒరితో దాని మీద 'వద్దు' అన్న ఎర్ర ముద్ర గుద్ది ఆమెను పిలిపించాడు.

"ఏంటమ్మా ఇది? ఆట ఆడనప్పుడు కనిపించే బొమ్మా? దాన్ని చూసేదెవడు?"

"పిల్లలు మధ్యలో బాత్‌రూమ్‌కు పోతారు కదండీ. తిరిగొచ్చేసరికి వీడు ఎదురుచూస్తూ ఉంటాడు."

ఒరితో పగలబడి నవ్వాడు. ఆ నవ్వులోనే సరేననేశాడు. కాగితం మాత్రం ముద్రతో సహా తొమొయె దగ్గరే ఉండిపోయింది.

దేశం మొకిచిని ప్రేమించింది ఆ ఒక్క బొమ్మ వల్లే. పిల్లలు కావాలని మీటలు కింద పెట్టేసి, ఊపిరి బిగబట్టి పది లెక్కపెట్టేవాళ్ళు. రెండో ఆటలో తొమొయె ఇంకాస్త ముందుకెళ్ళింది. మొకిచి ఎటు తిరిగి చూస్తే అటువైపు రహస్య దారి ఉండేట్టు చేసింది. అప్పట్నుంచి పిల్లలకు అదొక అలవాటైపోయింది. మొకిచి చూశాడంటే అక్కడేదో ఉంది, అటు చూడాలి.

ఉత్తరాలు సంచులకొద్దీ వచ్చేవి. అన్నిటి మీదా ఒకటే పేరు, 'ముగిచా గారికి'.

ఆ రోజుల్లో కంపెనీలు ఆట చివర అసలు పేర్లు వేయనిచ్చేవి కావు. "మీ పేర్లు తెలిస్తే పక్క కంపెనీవాడు రేపే మిమ్మల్ని ఎగరేసుకుపోతాడు" అనేవాడు ఒరితో. అందుకే అందరికీ ముద్దుపేర్లు. తొమొయె ఎండాకాలం చలికాలం తేడా లేకుండా బార్లీ నీళ్ళ ఫ్లాస్కు వెంట తెచ్చుకునేది కాబట్టి ఆమెకు ఆ నీళ్ళ పేరే పెట్టారు, ముగిచా అని. ఇంట్లో అమ్మకు కూడా తెర మీద వేలు పెట్టి చూపించి, "ఇది నేనే" అని చెప్పుకోవాల్సి వచ్చేది. నాన్న మాత్రం మొకిచి వెనక్కి తిరగడం చూసి తన మెడ తడుముకున్నాడు. తర్వాత, "వీడికి మెడ పట్టేయలేదు, అదృష్టవంతుడు" అన్నాడు.

పదిహేనేళ్ళలో ఐదు ఆటలు వచ్చాయి. ఆరో ఆటకు గళ్ళ కాగితాల పని లేకుండా పోయింది. బొమ్మలు గుండ్రంగా, అన్నివైపులా తిప్పి చూసేట్టు ఉండాలన్నారు. తొమొయెకు ఆ విద్య రాలేదు. రాదని ఆమెకంటే ముందే కంపెనీకి తెలిసింది. ఆమె స్థానంలోకి ఇసొబె చినత్సు అనే పాతికేళ్ళ అమ్మాయి వచ్చింది.

ఆ ఊళ్ళో ఉద్యోగం వదిలేవాళ్ళు ఊరికే వెళ్ళిపోరు. వెనక వచ్చేవాళ్ళకు అన్నీ రాసి అప్పగించి పోతారు. తొమొయె మూడు పేజీలు రాసింది. మొకిచి తోక ఎన్ని గళ్ళు, టోపీ నీడ ఎటు పడాలి, పెన్సిలు చెక్కే మిషను ఏ సొరుగులో ఉంది. అంతా అయ్యాక చినత్సు తలుపు దగ్గర నిలబడి నసిగింది.

"అక్కా, ఉత్తరాలు ఇంకా ముగిచా పేరు మీదే వస్తున్నాయి. కొత్త పేరు చూస్తే పిల్లలు బెంగపెట్టుకుంటారేమో..."

పేరును పట్టుకుని వేలాడటం సిగ్గుచేటని తొమొయెకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. మూడో పేజీ అడుగున, 'ముగిచా అనే పేరు కూడా' అని రాసి, అక్కడ సంతకానికి బదులు వాడే తన పేరు ముద్ర వేసింది. పెన్సిలు మిషనును అప్పగించినట్టే పేరునూ అప్పగించింది.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆమె భోజనం డబ్బాలు సర్దే ఫ్యాక్టరీలో పనిచేసింది. బెల్టు మీద తెల్లటి అన్నం డబ్బాలు వరసగా వస్తుంటాయి. ఒక్కోదాని నడిమధ్యన ఒక ఎర్రటి ఊరబెట్టిన రేగుపండు పెట్టాలి. తెల్ల గడిలో ఎర్ర చుక్క. చెయ్యి పాత పని మరిచిపోలేదు.

మొకిచి మాత్రం మారిపోయాడు. ఆరో ఆటలో ఉబ్బిన సొరకాయలా వచ్చాడు. ఏడో ఆటలో మాటలు నేర్చి వసపిట్టలా వాగాడు. ఎనిమిదోది ఫోన్‌లో ఆడే ఆట. అందులో ఏరే లేదు. మొకిచికి కొత్త కొత్త టోపీల కోసం లాటరీ తీస్తూ కూర్చోవడమే. అన్నిటికంటే ఘోరం, అందులో ఎన్ని సెకన్లు ఆగినా అతను వెనక్కి తిరగడు. మూడు ఆటల చివరా ఒకటే పేరు వచ్చింది, ముగిచా.

తొమొయె మధ్యాహ్నం విరామంలో అభిమానుల రాతలు ఫోన్‌లో చదివేది. 'ముగిచాకు మతి పోయింది.' 'ముగిచా అమ్ముడుపోయింది.' 'తన బిడ్డ గొంతు తనే నులిమిన తల్లి.' చదవకుండా ఉండలేకపోయేది. చదివాక అన్నం సహించేది కాదు.

"ఏంటి తొమొయె గారూ, ఫోన్ చూసి మొహం అలా పెట్టారు?" అనేది పక్క కుర్చీలో కూర్చునే ఒదాని అనే ఆవిడ. "ప్రేమలేఖలా? ఈ వయసులో నాకైతే ఆసుపత్రి నుంచి తప్ప మెసేజీలు రావు తల్లీ."

మొన్న శరదృతువులో కంపెనీ ఆ ఫోన్ ఆటను కూడా మూసేస్తున్నామని ప్రకటించింది. ఇక కొత్తవి రావు. అభిమానులు మొకిచికి కర్మకాండ చేస్తామన్నారు. విరిగిన సూదులకూ పాతబడిన బొమ్మలకూ మొక్కి సాగనంపే ఊళ్ళో అదేమీ వింత కాదు. నిప్పొంబషి బజారులో పాత గేములమ్మే హద అనే ఆయన కొట్టు మేడ మీద, ఆదివారం రెండింటికి. అందరూ చిన్నప్పటి క్యాసెట్లు తెచ్చుకోవాలి.

తొమొయె ఎర్ర ముద్ర కాగితాన్ని గుడ్డలో చుట్టుకుని బయలుదేరింది. పడవలో నిలబడి ఒకే ఒక్క వాక్యం వల్లె వేసుకుంది. 'ఆరో ఆట నుంచి నేను కాదు.' అంతకంటే ఆమెకు అక్కర్లేదు. పొగడ్తలొద్దు. ఆ మూడింటి పాపం తనది కాదని, అన్నవాళ్ళ మొహం మీదే ఒక్కసారి చెప్పాలి.

మేడ మీద నలభై మంది దాకా ఉన్నారు. నల్ల రిబ్బను కట్టిన మొకిచి పటం, ముందు అగరువత్తులు, క్యాసెట్ల గుట్ట. ప్రతి క్యాసెట్ వెనకా చిన్నపిల్లల వంకర రాతలో పేర్లున్నాయి. ఎవడూ ఎత్తుకుపోకుండా అప్పట్లో ఎవరి పేరు వాళ్ళు రాసుకునేవాళ్ళు. వాళ్ళే ఇప్పుడు బట్టతలలతో, పొట్టలతో మడత కుర్చీల్లో కూర్చున్నారు.

తొమొయె ముందు వరసలో ఖాళీ కుర్చీ వెతుకుతుండగా ఎవరో చెయ్యి పట్టుకున్నారు. మొహానికి మాస్కు ఉన్నా కళ్ళను బట్టి గుర్తుపట్టింది. చినత్సు. తల సగం నెరిసింది.

"నువ్వెందుకొచ్చావు?"

"చివరి రోజు కదా అక్కా. చివర్లో వాణ్ణి గీసింది నేనే కదా."

తొమొయె ఇన్నేళ్ళుగా దాచుకున్న ప్రశ్నను గొంతు తగ్గించి అడిగింది. "వెనక్కి చూడటం ఎందుకు తీసేశావు?"

"పది సెకన్లు ఆగితే అక్కడ లాటరీ ప్రకటన రావాలన్నారు. వీడి మొహం దానికి అడ్డమట. కుదరదని మూడుసార్లు రాసిచ్చాను. నాలుగోసారి రాస్తే నన్నే తీసేస్తామన్నారు."

"నా పేరు మీద తీసేశావు."

"మీరే ఇచ్చారు కదా అక్కా."

చినత్సు ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"అదుగో, ఆ కుర్చీలో కూర్చున్న ఉంగరాల జుట్టాయన, ఫోన్ ఆట వచ్చినప్పుడు కంపెనీ గేటు ముందు పది రోజులు కాపు కాశాడు, ముగిచా ఎవరో చూడాలని. నేను వెనక గేటు నుంచి ఇంటికి పోయేదాన్ని. మీరు ఏం చెప్పుకోవాలన్నా చెప్పుకోండి. నా సంగతి మాత్రం ఎత్తకండి."

"నీ పేరు నేనెందుకు చెప్తాను?" అంది తొమొయె. నిజంగానే అంది.

చినత్సు వెళ్ళి తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడింది.

హద అద్దెకు తెచ్చిన బౌద్ధ పురోహితుడి బట్టల్లో, బోడిగుండు టోపీ పెట్టుకుని మొదలుపెట్టాడు. "సొరకాయ రూపమెత్తి, నోటి దురుసు నేర్చి, టోపీల పిచ్చిలో పడి కన్నుమూసిన మా మొకిచి..." అందరూ గొల్లున నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే లేచి నాలుగు మాటలు చెప్పారు. నవ్వులు తగ్గాయి. ఉంగరాల జుట్టాయన వంతు వచ్చేసరికి అసలు లేవు.

"కంపెనీని నేనేమీ అనను. కంపెనీ అంటే కంపెనీయే. కానీ ముగిచా? ఐదు ఆటల దాకా ఆవిడ మమ్మల్ని కన్నతల్లిలా చూసింది. నేను బడిలో తన్నులు తిని ఇంటికొస్తే నన్ను తిరిగి చూసినవాడు మొకిచి ఒక్కడే. ఆ చూపును తనే చేజేతులా చెరిపేసింది. ఆవిడ కనిపిస్తే ఒక్కటే అడుగుతాను. నిద్రెలా పడుతోందమ్మా?"

తొమొయె లేచి నిలబడింది.

"ముగిచాను నేనే."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె గుడ్డ విప్పి కాగితం పైకెత్తింది. పదహారు గళ్ళు, మూడు రంగులు, ఎడమ భుజం మీదుగా చూస్తున్న మొకిచి, దాని మీద అడ్డంగా ఎర్ర ముద్ర, మొదటి ఆట కంటే ముందటి తేదీ. హద దగ్గరికొచ్చి చూశాడు. బోడిగుండు టోపీ తీసేశాడు. మోకాళ్ళ మీద కూలబడి నుదురు నేలకు ఆనించాడు.

"ఆరో ఆట నుంచి నేను కాదు" అంది తొమొయె.

ముందు ఒకరు, తర్వాత అందరూ చప్పట్లు కొట్టారు. ఉంగరాల జుట్టాయన ఏడుస్తున్నాడు. "అనుకున్నానమ్మా, మీరు కాదని అనుకున్నాను" అంటున్నాడు. వల్లె వేసుకున్న వాక్యం అయిపోయింది. ఇరవై ఏళ్ళ బరువు దిగిపోయింది. ఆ తేలికలో ఆమె నవ్వింది కూడా.

"మరి ఆ మూడు ఆటలూ వేసిందెవరండీ?" హద మెల్లగా అడిగాడు.

"అది చెప్పను. అడగొద్దు."

నోరు మూసుకుంది. కానీ మెడ ఆగలేదు. ఆ పిల్ల ఇంకా ఉందో పోయిందో, బెదిరిపోయిందో ఏమోనని తొమొయె ఎడమ భుజం మీదుగా వెనక్కి చూసింది. అర సెకను. అంతకంటే లేదు.

నలభై తలలూ అటు తిరిగాయి. ఆ చూపు ఎటు పోతే అటు చూడాలని వాళ్ళకు ఏడేళ్ళ వయసులోనే ఆమె నేర్పింది.

తలుపు పక్కన గోడకు ఆనుకుని ఒకే ఒక్క మనిషి ఉంది. ఆమె కూడా ఏమీ ఎరగనట్టు తలుపు వైపు తిరిగి చూసుంటే సరిపోయేది. కానీ నలభై మంది ఒక్కసారి తన వైపు చూసేసరికి చినత్సు ఉద్యోగంలో ఇరవై ఏళ్ళు అలవాటైన పనే చేసింది. చేతులు రెండు పక్కలా ఆనించి, నడుము దాకా వంగి, "క్షమించండి" అంది. వంగినదల్లా అలాగే ఉండిపోయింది. ఫోన్లు పైకి లేచాయి. ఫొటోలు తీస్తున్న చప్పుడు తప్ప గదిలో ఇంకేమీ వినిపించలేదు. తర్వాత చెక్కమెట్ల మీద ఆమె పరుగు వినిపించింది. తొమొయె కదల్లేదు.

ఎవరో కంపెనీ పాత ఫొటోలు తిరగేసి ఆమెను పోల్చుకున్నారు. మూడో రోజుకు అభిమానుల పేజీలో పేర్లు సరిదిద్దారు. ముగిచా, ఒకటి నుంచి ఐదు వరకు, కువబర తొమొయె. ముగిచా, ఆరు నుంచి ఎనిమిది వరకు, ఇసొబె చినత్సు. మొదటి పేరు కింద పూలు. రెండో పేరు కింద ఆ వంగిన ఫొటో, వందల మంది రాతలు, ఎవరో వెతికి పెట్టిన ఆమె వీధి పేరు. తొమొయె చినత్సుకు నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఆ నంబరు పనిచేయడం లేదు.

ఫ్యాక్టరీలో విరామం అయిపోతుండగా హదకు ఫోన్ చేసింది.

"రెండో పేరు తీసేయండి. దండం పెడతాను."

"అలా ఎలాగండీ? ఇన్నేళ్ళు అబద్ధం ఉండబట్టే కదా మీరు అన్ని మాటలు పడ్డారు! ఇప్పుడైనా నిజం ఉండనివ్వండి."

"నేను ఆమె పేరు చెప్పలేదు."

"మీరెక్కడ చెప్పారండీ?" హద గొంతులో ఇంకా అదే భక్తి. "మీరు చూశారు. మాకది చాలదూ?"

గంట మోగింది. ఒదాని గారు చేతి తొడుగులు వేసుకుంటూ పక్కకు వచ్చింది. "ఏంటండీ, ఇవాళ కూడా ప్రేమలేఖలేనా?"

"ఆ" అంది తొమొయె. "ఈసారి నా అసలు పేరు మీదే వచ్చాయి."

బెల్టు కదిలింది.