వడియాల డాబా మీద యాంటెన్నా

పూర్వం రాజులు కోటలో అడుగుపెట్టే ముందు భేరీ మోగేదట. రాయ్‌పూర్ గుఢియారీ పేటలో సాహూజీ అద్దెకిచ్చిన ఇంట్లో కొండలరావు గారు డాబా ఎక్కే ముందు మెట్ల మలుపులో ఆగి దగ్గేవారు. ఒక పొడి దగ్గు, కాస్త విరామం, మళ్లీ ఇంకొకటి. ఆయనకు ఏ జబ్బూ లేదు. డాబా, ఆ ఊరి హిందీలో ఛత్, ఆడవాళ్ల రాజ్యం, మగవాడు కబురు పంపకుండా సరిహద్దు దాటకూడదు. రాయ్‌పూర్ తెలుగు రైల్వే కుటుంబాల చరిత్ర ఎవరైనా రాస్తే ఈ దగ్గుకు ఒక అధ్యాయం కేటాయించక తప్పదు.

ఆయన రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసేవారు. సొంతూరు పలాస దగ్గర. ఆ ఇంట్లో ఉన్న నాలుగు వాటాల్లోనూ శ్రీకాకుళం జిల్లావాళ్లే. కొండలరావు గారికి ప్రభుత్వం పరీక్ష పెట్టి ఇచ్చిన హామ్ రేడియో లైసెన్సు, అంటే సరదాకి సొంత రేడియోలో దూరదేశాలవాళ్లతో మాట్లాడుకునే అనుమతి, ఉండేది. తొంభైల మొదట్లో ఊరంతా కేబుల్ టీవీ కోసం చూస్తుంటే ఆయన హామ్‌ల ఉపగ్రహం కోసం చూసేవారు. అది ఊరి మీదుగా పావుగంటలో దాటిపోతుంది. ఆలోగా దాని ద్వారా ఏ దేశంలోనో ఉన్న మరో హామ్‌ని పలకరించాలి. పలకరించి చెప్పేదేమీ ఉండదు. నీ పేరేమిటి, నా గొంతు ఎలా వినబడుతోంది, అంతే. ఇంత చిన్న సంభాషణ కోసం ఇంత శ్రమ పెళ్లిచూపుల్లో తప్ప ఇంకెక్కడా పడరు.

ఇళ్లలో ఉండేవాళ్లకు చేత్తో పట్టుకుని తిప్పుకునే చిన్న యాంటెన్నా చాలని తోటి హామ్‌లు చెప్పారు. అదీ బరువనుకుంటే రెండు కడ్డీలు అడ్డంగా కట్టి కదలకుండా నిలబెట్టేయవచ్చు, వినికిడి కాస్త తగ్గుతుందన్నారు. కొండలరావు గారికి రెండూ నామోషీ అనిపించాయి. ఆయన పట్టెమంచం కన్నా పొడవైన గొట్టానికి ముళ్లపందిలా అల్యూమినియం కడ్డీలు బిగించి, పక్కలకు తిప్పడానికి ఒక తాడు, పైకెత్తడానికి ఇంకో తాడు కట్టారు.

వాటాలవాళ్లంతా ఒప్పుకుంటే తనకేం అభ్యంతరమని సాహూజీ అన్నాడు. వాటాలవాళ్లంతా అంటే అప్పలనరసమ్మ గారు. రిటైరైన డ్రైవరు బంగారయ్య గారి భార్య. నాలుగిళ్లకూ కలిపి గుమ్మడి వడియాలు ఆ డాబా మీదే ఆవిడ అజమాయిషీలో పెట్టేవారు. కాకులు రాకుండా మూలన కర్రకు పాత నల్లగొడుగు వేలాడదీసేవారు. ఆవిడ అడిగింది ఒక్కటే ప్రశ్న. ఆ కడ్డీల మీద కాకులు వాలవా?

సైన్సు చదివిన మనిషి అక్కడే తప్పు చేశాడు. రేడియో తరంగాలు కాకులకు సరిపడవనీ, యాంటెన్నా దరిదాపులకు రావనీ ఆయన గంభీరంగా సెలవిచ్చారు. ఆవిడకు చదువంటే గౌరవం. గొడుగు తీయించేశారు.

మార్చి ఎండలో పాత పంచెల మీద వడియాలు వరసలు తీరి ఉన్న ఒక మధ్యాహ్నం, చెవులకు హెడ్‌ఫోన్లు, చేతుల్లో తాళ్లతో నిలబడ్డ కొండలరావు గారికి తొలిసారి స్పష్టంగా ఒక గొంతు వినబడింది. కొలంబో నుంచి ఎవరో ఆయన్నే పిలుస్తున్నారు. సరిగ్గా అప్పుడే కాకులొచ్చి కడ్డీల మీద కూర్చున్నాయి. తాళ్లు వదిలి తోలితే కొలంబో పోతుంది. తోలకపోతే కింద గోడవారగా ఉన్న వడియాల వరస పోతుంది. కొండలరావు గారు ఆలోచించారు. కొలంబోకి జవాబిచ్చారు. కాకులు కూడా తమ వంతు సందేశం తాము పంపాయి.

ఉపగ్రహం దాటిపోయాక ఆయన ఆ వరస వంక చూశారు. నిజం చెబితే యాంటెన్నా దిగిపోతుంది. చెప్పకపోతే అందరూ అవి తింటారు. దగ్గకుండానే మెట్లు దిగి వచ్చేశారు.

వడియాలు ఎండాయి. అప్పలనరసమ్మ గారు డబ్బాల్లో పోసి నాలుగిళ్లకూ పంచారు. ఆ రోజు నుంచి కొండలరావు గారికి ఏ ఇంట్లో నూనె కాగినా అది ఆ వడియాల కోసమేననిపించేది. ఉగాదినాడు బంగారయ్య గారు పప్పులో వడియాలు నంజుకుని కరకరమనిపిస్తుంటే ఈయన తలెత్తలేకపోయారు. నలుగురికీ తినిపిస్తున్న పాపంలో తనకూ వాటా ఉండాలనుకున్నారు. గుమ్మడి వడియాలు వాతం చేస్తాయని చెప్పి భార్యాపిల్లల్ని ముట్టుకోవద్దన్నారు. ప్రతిదానికీ ఎదురుచెప్పే భార్య గంగాభవాని సరేనంది. తను మాత్రం పూటపూటా వేయించుకుని, ప్రాయశ్చిత్తంగా, నమలడానికి మనసొప్పకపోయినా నమిలి మింగేవారు.

ఏప్రిల్‌లో బంగారయ్య గారికి కడుపునొప్పి వచ్చి ఆస్పత్రిలో చేర్చారు. ఆ సాయంత్రమే కొండలరావు గారు పెద్ద యాంటెన్నా విప్పేశారు. గాలికి ఆగడం లేదని భార్యకు చెప్పారు. చీపురంత కర్రకు నాలుగు కడ్డీలు బిగించి, చేత్తో పట్టుకుని ఆకాశం వైపు తిప్పారు. కొలంబో అంతే స్పష్టంగా వినబడింది. దానితో పాపం రెండింతలైంది. అంత పెద్దది అసలు అవసరమే లేదన్నమాట.

మర్నాడు మలుపులో ఆగి, దగ్గి, డాబా ఎక్కారు. అప్పలనరసమ్మ గారు చాటలో మిరపకాయలు తిరగేస్తున్నారు. ఆయన తల వంచుకుని కాకులు, కొలంబో, గోడవార వరస, కడుపునొప్పి, అన్నీ ఒప్పేసుకున్నారు.

ఆవిడ చాట ఆపలేదు. "ముసలోడు టేసన్లో సమోసాలు తినేసి కడుపు పాడుసేసుకున్నాడు బాబూ. రేపు పంపించేత్తారట."

"మరి ఆ వరస, పిన్నీ?"

"ఆ రోజే సూసినాం. ఛత్ మీద కాకులు నీ ఒక్కడికే అగుపిస్తాయేటి? పైపైన గీకేసి, ఇడిగా ఎండబెట్టినాం. పారేద్దారంటే మీ ఆవిడే వద్దంది."

"వద్దని ఏమంది?"

"మా డబ్బాలో పొయ్యండి పిన్నీ, ఆయన తింటాడు, అంది."

కొండలరావు గారు కిందికి వచ్చి వంటింట్లో డబ్బా మూత తీసి చూశారు. అడుగున పొడి మాత్రమే మిగిలింది.