అడ్డగీత ఉన్న ఏడు

పొద్దున ల్యాబ్‌లో అడుగుపెట్టగానే ఆమె కిటికీ వెలుతురులో నిలబడి చిన్న చిన్న గాజుపళ్లేల మూతల మీద అంకెలు వేస్తుంది. ఏడు వేసినప్పుడల్లా దాని నడుముకు ఒక అడ్డగీత పెట్టేది. చెల్లెలికి లెక్కలు నేర్పిన నాటి అలవాటది. ఆ పళ్లేల్లో చర్మ క్యాన్సర్ కణాలుంటాయి. నిమ్మగడ్డి నూనెలోంచి తీసిన పదార్థాన్ని వాటి మీద చుక్కలుగా వేసి, ఎన్ని చచ్చాయో లెక్కపెట్టి రాస్తుంది. పదకొండేళ్లుగా ఇదే పని. చేతులెంత కడిగినా ఆ వాసన పోదు. పళ్లెంలో పనిచేసింది ఒంట్లోనూ పనిచేస్తుందని మాత్రం ఆమె ఏనాడూ నోరు జారలేదు.

పోయినేడు చెల్లెలి ఊరు వెళ్లి, ఆమె మడమ చూసి నిర్ఘాంతపోయింది. క్యాన్సరేనని డాక్టర్లు వెంటనే కోయించుకోమన్న నల్లమచ్చ ఇంకా పాకి ఉంది.

"ఆపరేషన్ అయిపోయిందని ఫోన్లో చెప్పావు కదే!"

"తిడతావని అలా చెప్పానక్కా. నీ నూనే రాస్తున్నాను, మూడు నెలలుగా" అంటూ చెల్లెలు ఒక సీసా తెచ్చింది. "ఎంత గుంభనం నీది! ఆ ఏడు నీదే కదూ? అది చూసే కొన్నాను."

సీసా మీద అక్క పళ్లెం ఫొటో, మూత మీద అక్క చేతిరాతలో అడ్డగీత ఏడు. ఆ ఫొటో తీసింది ల్యాబ్ పెద్దాయన, 'రిపోర్టు కోసమమ్మా' అని. మర్నాడు, దాన్ని నూనె అమ్మేవాళ్లకెందుకిచ్చారని నిలదీస్తే ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "నీ పేరు ఎక్కడా వేయలేదుగా, నీకేం ఇబ్బంది?" అన్నాడు.

ఆలస్యమైనందుకు చెల్లెలికి సగం పాదం పోయింది. ఇప్పుడు అక్క ఇంట్లోనే ఉంటూ చేతికర్రతో నడుస్తోంది. అక్క ఇంకా ఆ ల్యాబ్‌లోనే పనిచేస్తోంది. ఏడుకు అడ్డగీత మాత్రం పెట్టడం లేదు.